సస్టెయినబిలిటీ చదవండి, కానీ పర్చేజ్‌లో చేరండి

ఈ మధ్య మా ఫ్యాక్టరీలో ఈఎస్‌జీ (పర్యావరణం, సామాజిక బాధ్యత, పాలన లెక్కలు చూసే) విభాగానికి కొత్తవాళ్ళని తీసుకోవాలని హెచ్ఆర్ వాళ్ళు ఇంటర్వ్యూలు పెట్టారు. ప్లాంటు తరఫున ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి నన్ను కూర్చోబెట్టారు. వచ్చిన పిల్లల్లో సగానికి పైగా సస్టెయినబిలిటీ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏనో ఎమ్మెస్సీనో చేసినవాళ్ళే. పదిహేనేళ్ళ కిందట ఇలాంటి డిగ్రీ ఒకటి వస్తుందంటే మా ప్లాంటులో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

వాళ్ళలో ఒకబ్బాయి చాలా చురుకైనవాడు. స్కోప్ 1, స్కోప్ 2, స్కోప్ 3 ఉద్గారాలంటే (కంపెనీ నేరుగా వదిలేవి, కొన్న కరెంటు వల్ల వచ్చేవి, సప్లయర్ల నుంచి వాడేవాళ్ళ దాకా మిగతావి) ఏమిటో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. స్కోప్ 3 కింద వచ్చే పదిహేను రకాలూ వరసగా అప్పజెప్పాడు. నేను ఒకటే అడిగాను. "మా బాయిలర్ గురించి తెలుసుకోవాల్సి వస్తే ముందు ఎవరి దగ్గరికి వెళతావు?" కాసేపు ఆలోచించి "సస్టెయినబిలిటీ హెడ్ దగ్గరికి సర్" అన్నాడు. ఆ తర్వాత? "డ్యాష్‌బోర్డు చూస్తాను సర్." బాయిలర్ ఆపరేటర్ దగ్గరికి వెళ్ళాలని గానీ, అందులో వేసే బొగ్గునో ఊకనో కొనే మనిషి దగ్గరికి వెళ్ళాలని గానీ అతనికి తట్టలేదు. అతన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. చదివిన రెండేళ్ళలో ఆ ఇద్దరిలో ఎవరూ అతనికి తారసపడలేదు, అంతే.

ఆ సాయంత్రం నుంచి ఒక మాట బుర్రలో తిరుగుతోంది. పర్యావరణాన్నీ వ్యాపారాన్నీ కలిపి నేర్పే పీజీ చదువు మంచిదే. ఆసక్తి ఉన్నవాళ్ళు చదవాల్సిందే. కానీ చదివాక ఆ పేరున్న ఉద్యోగంలో చేరకూడదు. పర్చేజ్‌లో చేరాలి. అది దొరక్కపోతే ఫైనాన్స్‌లో, ప్రాజెక్ట్స్‌లో. కంపెనీ వల్ల గాలికీ నీటికీ ఏం జరగబోతోందో ఆ గదుల్లోనే తేలిపోతుంది. సస్టెయినబిలిటీ గదికి వచ్చేసరికి మిగిలేది లెక్క రాసుకోవడమే.

నీళ్ళు మిగిల్చి బొగ్గు కాల్చడం

నేను పనిచేసేది హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ (మందుల్లో పనిచేసే అసలు రసాయనం) ఫ్యాక్టరీలో, ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) విభాగంలో. ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు), ప్రమాదకర వ్యర్థాల డ్రమ్ములు, పీసీబీకి (కాలుష్య నియంత్రణ మండలికి) జవాబులు, ఆడిటర్లకి టీలు, ఇదే నా లోకం. ఇక్కడి మందుల కంపెనీల్లో చాలావాటికి సీఎఫ్ఓలో (ఫ్యాక్టరీ నడపడానికి పీసీబీ ఇచ్చే అనుమతిలో) జీరో లిక్విడ్ డిశ్చార్జ్ షరతు ఉంటుంది. వాడిన నీళ్ళు గేటు దాటకూడదు. ఉప్పులు ఎక్కువున్న నీళ్ళని ఎంఈఈలో (దశలవారీగా ఆవిరి చేసే యంత్రంలో) మరగబెట్టి, ఆ ఆవిరిని చల్లార్చి శుద్ధి చేసి మళ్ళీ వాడుకోవాలి. అడుగున మిగిలిన ఉప్పుని దుండిగల్‌లో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి లారీల్లో పంపాలి. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. వార్షిక నివేదికలో నీటి పునర్వినియోగం అనే గడిలో చక్కని అంకె పడుతుంది.

ఆ నీళ్ళు వాటంతట అవి మరగవు కదా. మూడు నాలుగు ఎఫెక్టులు (దశలు) ఉన్న ఎంఈఈలో కూడా టన్ను నీళ్ళని ఆవిరి చేయాలంటే సుమారు మూడో వంతు టన్ను స్టీమ్ కావాలి. స్టీమ్ కావాలంటే బాయిలర్‌లో బొగ్గు పడాలి. అంటే నీటి గడిలో అంకె బాగుపడిన కొద్దీ కర్బన గడిలో అంకె పాడవుతుంది. నివేదికలో ఈ రెండు గడులూ వేరువేరు పేజీల్లో ఉంటాయి. వాటికి చుట్టరికం ఉందని చదివేవాళ్ళకి తెలిసే అవకాశమే లేదు.

దీనికి దారులు లేకపోలేదు. ఉప్పు నీళ్ళు పుట్టే చోటే తగ్గించొచ్చు. టీడీఎస్ (కరిగిన ఉప్పులు) ఎక్కువున్న నీళ్ళూ తక్కువున్న నీళ్ళూ కలవకుండా వేరు పైపులు వేయొచ్చు. స్టీమ్ బదులు కరెంటుతో నడిచే ఎంవీఆర్ ఎవాపరేటర్ పెట్టొచ్చు. బొగ్గు బదులు ఊకని దిమ్మలుగా నొక్కిన బ్రికెట్లు కాల్చొచ్చు. వీటిలో ఒక్కటి కూడా ఈఎస్‌జీ విభాగం చేతిలో లేదు. మొదటిది ఆర్ అండ్ డీ వాళ్ళది, రెండోది ప్రాజెక్ట్స్ వాళ్ళది, మూడోది 'పేబ్యాక్ ఎన్నేళ్ళు?' అని అడిగే ఫైనాన్స్ వాళ్ళది, నాలుగోది పర్చేజ్ వాళ్ళది.

ఆ నాలుగోదాని కథ చెబుతాను. బొగ్గు తగ్గించమని పైనుంచి మాట వచ్చిన ఏడాది మా దగ్గర బ్రికెట్లు తెప్పించడం మొదలైంది. కొటేషన్లు వచ్చాయి. టన్ను ధర ఎవరిది తక్కువైతే వాళ్ళకి ఆర్డర్ వెళ్ళింది. ఎల్1 ఎవరో చూసి సంతకం పెట్టడం అక్కడి ఆచారం. వానలు మొదలయ్యేసరికి లారీల్లోంచి దిగిన బ్రికెట్లు చేత్తో పట్టుకుంటే పొడైపోతున్నాయి, లోపల అంత తేమ. బాయిలర్‌లో ప్రెషర్ నిలబడటం లేదు. ప్రొడక్షన్ వాళ్ళ ఫోన్లు ఆగడం లేదు. ఆపరేటర్ ఏం చేస్తాడు, పక్కనున్న బొగ్గు కుప్ప మీదికి వెళ్ళాడు. బ్రికెట్లు యార్డులో నానుతూ పడున్నాయి. ఏడాది చివర నివేదికలో మాత్రం, కొన్నదంతా కాల్చినట్టే లెక్కకట్టి, పునరుత్పాదక ఇంధనం శాతం పెరిగిందని వేశారు. ఎవరూ కావాలని అబద్ధం రాయలేదు. స్టోర్స్ దగ్గర బిల్లులున్నాయి, అంకె వాటిలోంచే తీశారు.

ఆ ఆర్డర్‌లో టన్నుకి ఇంత అని కాకుండా అందులోంచి వచ్చే వేడిని బట్టి ఇంత అని ధర రాసి, తేమ ఫలానా శాతం దాటితే బిల్లులో కోత పడుతుందని ఒక్క వాక్యం చేర్చి ఉంటే సరిపోయేది. ఆ వాక్యం రాయాలంటే ఇంధనం గురించి కొంత తెలియాలి, కాంట్రాక్టు గురించి కొంత తెలియాలి, సప్లయర్ 'అలా అయితే నాకు గిట్టదు సార్' అన్నప్పుడు అది బేరమో నిజమో కనిపెట్టగలగాలి. సస్టెయినబిలిటీ, మేనేజ్‌మెంట్ కలిసిన చదువంటే నా దృష్టిలో ఆ వాక్యం రాయడం నేర్పే చదువు.

బొగ్గు సంగతి పైపైన కనిపించేది. బల్క్ డ్రగ్స్‌లో అసలు కథ సాల్వెంట్లది, అంటే రసాయనాల్ని కరిగించే ద్రవాలది. రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో ఈ-ఫ్యాక్టర్ అనే కొలత ప్రతిపాదించాడు. కిలో సరుకు తయారీకి ఎన్ని కిలోల వ్యర్థం మిగులుతుందన్న లెక్క అది. పెట్రోలు శుద్ధి లాంటి భారీ పరిశ్రమల్లో అది కిలోలో పదో వంతు కంటే తక్కువ. మందుల దగ్గరికి వచ్చేసరికి 25 కిలోల నుంచి 100 కిలోల పైదాకా పోతుంది. అందులో పెద్ద వాటా సాల్వెంట్లదే. వాడిన మిథనాల్‌నో ఎసిటోన్‌నో డిస్టిల్ చేసి మళ్ళీ వాడడమా, కొత్తది తెప్పించడమా అన్నది ఆ నెల మార్కెట్ ధర చూసి తేలుస్తారు. కొత్తది చవగ్గా వచ్చిన నెలలో రికవరీ కాలమ్ (డిస్టిల్ చేసే టవర్) ఖాళీగా ఉంటుంది. వాడిన సాల్వెంట్ కో-ప్రాసెసింగ్ పేరుతో సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలోకి ఇంధనంగా పోతుంది. మా రిసెప్షన్‌లో పర్యావరణ విధానం ఫ్రేము కట్టి ఉంది. ఈ నెల మా పర్యావరణ విధానం ఏమిటో తెలుసుకోవాలంటే మాత్రం పర్చేజ్ ఆర్డర్ల ఫైలు తిరగెయ్యాలి.

పటాన్‌చెరులో ఏది పనిచేసింది

ఇది మా ఒక్క ఫ్యాక్టరీ గొడవే అయితే ఇంత రాయక్కర్లేదు. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడల సంగతి ఈ ప్రాంతం వాళ్ళకి కొత్తగా చెప్పాల్సింది కాదు. 2007లో స్వీడన్‌కి చెందిన యోయాకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రంలోంచి బయటికొచ్చే నీళ్ళని పరీక్షించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు చేరే కేంద్రం అది. శుద్ధి అయిన తర్వాత కూడా ఆ నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని తేలింది. యాంటీబయాటిక్ నిరోధకత గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా మన పటాన్‌చెరు పేరు ఇప్పటికీ వినిపిస్తుందంటే ఆ అంకె వల్లే.

దాన్ని అదుపు చేయడానికి చట్టం దారి ఏమైందో చూడండి. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది, ఏళ్ళ తరబడి నడిచింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చి, మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించి ఉండకూడదో పట్టిక ఇచ్చింది. మేమంతా టెన్షన్ పడిపోయి ల్యాబుల చుట్టూ తిరిగాం. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఆ పట్టిక లేదు.

ఇంకో దారి కొనుగోలుదారులది. నార్వేలో ఆసుపత్రులకి మందులు కొనే ప్రభుత్వ సంస్థ 2019లో యాంటీబయాటిక్స్ టెండర్ పిలిచినప్పుడు మొత్తం మార్కుల్లో 30 శాతం పర్యావరణానికి కేటాయించింది. ధర ఒక్కటే చూసి కొనబోమని చెప్పడమది. 2022కి యాంటీబయాటిక్ తయారీదార్ల కూటమి ఒకటి తమకి తామే ఒక ప్రమాణం రాసుకుంది, వ్యర్థ జలాల్లో అవశేషాలకి పరిమితులతో సహా. ఏ చట్టమూ వాళ్ళని రాసుకోమనలేదు. అమ్ముడుపోవాలంటే రాసుకోక తప్పని పరిస్థితి వచ్చింది.

దీని వేడి మా వరకూ తగిలింది. టీడీఎస్ ఎక్కువున్న నీళ్ళకి వేరే పైపులైను, వేరే ట్యాంకు కావాలని నేను ఏళ్ళ తరబడి బడ్జెట్‌లో అడుగుతూ వచ్చాను. ప్రతిసారీ 'వచ్చే ఏడు చూద్దాం' అనేవాళ్ళు. యూరప్ కస్టమర్ ఒకరి ఆడిట్ రిపోర్టులో అదే విషయం మేజర్ అబ్జర్వేషన్‌గా పడింది. తర్వాతి మీటింగులోనే డబ్బు మంజూరైంది. నేను వేసిన లెక్కల షీటే అది, కాగితం కూడా మార్చలేదు. అడిగింది డబ్బిచ్చి సరుకు కొనే మనిషి కావడమే తేడా.

మందుల సంగతి దూరమనిపిస్తే ఇంట్లో బల్బు చూడండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ 2014లో ఎల్ఈడీ బల్బుల్ని టోకున కొనడం మొదలుపెట్టినప్పుడు ఒక్కోటి సుమారు 310 రూపాయలు పడింది. రెండు మూడేళ్ళు తిరిగేసరికి 40 రూపాయల లోపుకే కొంది. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు బిల్లు చూపిస్తే చవగ్గా బల్బులిచ్చిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. దేశం మొత్తం మీద ఆ పథకంలో 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. కరెంటు పొదుపు గురించి ఎన్ని ప్రచారాలు నడిచాయో లెక్కలేదు. ఊళ్ళలో పాత బల్బులు పోయింది మాత్రం టెండర్ సరిగ్గా పిలవడం వల్ల.

కొనాల్సింది కొనకపోతే ఏమవుతుందో విశాఖ వాళ్ళకి తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. తర్వాత విచారణ జరిపిన కమిటీలు చెప్పిన కారణాల్లో ట్యాంకుని చల్లగా ఉంచే ఏర్పాటు చాలకపోవడం ఒకటి, స్టైరీన్ తనంతట తాను వేడెక్కి గట్టిపడకుండా ఆపే టీబీసీ అనే రసాయనం తగినంత లేకపోవడం ఇంకొకటి. స్టోర్స్‌లో ఉండాల్సిన ఒక రసాయనం. ఇండెంటు, ఆర్డరు, డెలివరీ తేదీ, ఇలాంటి మామూలు కాగితాల్లో నడవాల్సిన వ్యవహారం. మేనేజ్‌మెంట్ క్లాసులో ఇన్వెంటరీ పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ ఎంతమంది చెబుతారో నాకు అనుమానమే.

నివేదికల చుట్టూ పెరిగిన ఉద్యోగాలు

మరి ఈ చదువుకి ఇంత గిరాకీ ఎక్కణ్ణుంచి వచ్చింది? మన దేశంలో దానికి సూటి జవాబు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ. 2012లో వంద పెద్ద కంపెనీలతో మొదలైన బాధ్యతా నివేదిక పెరిగి పెరిగి బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సస్టెయినబిలిటీ నివేదిక) అయింది. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి అది తప్పనిసరి. అందులో ముఖ్యమైన అంకెలకి బయటివాళ్ళ చేత అష్యూరెన్స్ (అంకెలు సరిచూసి ధ్రువీకరించడం) చేయించాలని 2023లో బీఆర్ఎస్ఆర్ కోర్ తెచ్చారు. ఇన్ని పేజీలు నింపాలంటే మనుషులు కావాలి కదా. ఐఐఎం లక్నో 2015లోనే సస్టెయినబుల్ మేనేజ్‌మెంట్‌లో రెండేళ్ళ కోర్సు పెట్టింది. భోపాల్‌లోని అటవీ మేనేజ్‌మెంట్ సంస్థ, ఢిల్లీలోని టెరి విశ్వవిద్యాలయం, భువనేశ్వర్‌లోని ఎక్స్‌ఐఎం, ఇలా ఒక్కొక్కరూ ఈ దారిలోకి వచ్చారు. విదేశాలకి పంపే కన్సల్టెన్సీల బోర్డుల మీద కూడా డేటా సైన్స్ పక్కన ఈ పేరు చేరింది.

నివేదిక వల్ల పుట్టిన ఉద్యోగం నివేదికతో పాటే ఊగుతుంది. కంపెనీలు తమకి సరుకు అమ్మే సప్లయర్ల లెక్కలు కూడా వెల్లడించాలని సెబీ మొదట అంది. తర్వాత గడువు ఏడాది వెనక్కి జరిపి, ఇష్టమైతేనే చెప్పండంది. యూరప్‌లో ఇంకా పెద్ద కథ. సీఎస్ఆర్‌డీ అనే సస్టెయినబిలిటీ నివేదికల చట్టం పేరుతో వేల కంపెనీల మీద నివేదిక భారం పెట్టి, 2025 ఫిబ్రవరిలో ఆమ్నిబస్ అనే ప్రతిపాదనతో వాటిలో సుమారు 80 శాతం కంపెనీల్ని పరిధిలోంచి తప్పిద్దామంది యూరోపియన్ కమిషన్. ఆ నియమాలు బట్టీ పట్టి లోన్లు తీసుకుని చదివిన పిల్లల పరిస్థితి ఏమిటి?

పైగా నివేదికకీ నిజానికీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో ఫోక్స్‌వాగన్ చూపించింది. 2015 సెప్టెంబరులో డౌ జోన్స్ సస్టెయినబిలిటీ సూచీ ఆ కంపెనీని ప్రపంచ కార్ల కంపెనీల్లో అగ్రస్థానంలో పెట్టింది. అదే నెలలో, డీజిల్ కార్లలో ఉద్గారాల పరీక్షని మోసం చేసే సాఫ్ట్‌వేర్ పెట్టారని అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. ఆ కంపెనీలో సస్టెయినబిలిటీ విభాగం లేక కాదు. ఇంజిన్ గురించి నిర్ణయం జరిగిన చోట ఆ విభాగం లేదు.

మా అక్క కూతురు బీటెక్ కెమికల్ చేసింది. ఇంగ్లండులో సస్టెయినబిలిటీ అండ్ బిజినెస్ ఎమ్మెస్సీకి సీటొచ్చింది. ఫీజూ ఖర్చులూ కలిపి 30 లక్షలు దాటుతుంది. మా బావ మొదట విని, "అంటే కంపెనీల తరఫున బడికి బెంచీలివ్వడం, మొక్కలు నాటడం, అదేనా?" అన్నాడు. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభంలో రెండు శాతం ఖర్చుపెట్టే సీఎస్ఆర్ ఆయన మనసులో ఉంది. మిగతా 98 శాతం ఎలా సంపాదించారన్నది ఈ చదువు అని నేను చెప్పాను. ఆయనకి నచ్చింది. పర్చేజ్ సంగతి ఎత్తేసరికి పిల్లకి నచ్చలేదు.

"మామయ్యా, పర్చేజ్‌లో కూర్చోవడానికి ఇంగ్లండు దాకా ఎందుకు? ఇక్కడే బీకామ్ చదివినవాళ్ళు చేస్తున్నారుగా" అంది.

"అందుకేనమ్మా నువ్వు వెళ్ళాలంటున్నది. వాళ్ళకి తెలియనిది నీకు తెలుస్తుంది."

"వాళ్ళు నన్ను తీసుకోవాలిగా. నా డిగ్రీ చూసి హెచ్ఆర్ వాళ్ళు నన్ను ఎక్కడ కూర్చోబెడతారో నీకు తెలియదా?"

తెలుసు. అదే ఇంటర్వ్యూ గదిలో నేనూ కూర్చుని వచ్చాను.

నాకు ఎదురొచ్చే మాటలు

ఈ వాదన మా ఈఎస్‌జీ విభాగంలో పనిచేసే అమ్మాయితో అన్నప్పుడు ఆమె గట్టిగానే జవాబిచ్చింది. "సర్, మేము నెలనెలా ఇంధనం లెక్క అడగడం మొదలుపెట్టక ముందు ఆ లెక్క ప్లాంటులో ఎవరి దగ్గరైనా ఉందా?" లేదు. ఎన్ని టన్నులు కొన్నారో అకౌంట్స్‌లో ఉండేది, ఎన్ని కాలాయో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. ఇప్పుడు అష్యూరెన్స్‌కి వచ్చే ఆడిటర్లు స్టోర్స్ బిల్లుతో ఊరుకోవడం లేదు. బాయిలర్ లాగ్‌షీటు అడుగుతున్నారు, వేబ్రిడ్జి చీటీలు అడుగుతున్నారు. నేను పైన చెప్పిన బ్రికెట్ల లెక్క ఈ రోజుల్లో అయితే వాళ్ళ కంటికి దొరికిపోతుంది. కొలత లేకపోతే పర్చేజ్‌లో ఎంత తెలివైనవాళ్ళున్నా గాల్లో బాణాలు వేయడమే. కాబట్టి ఆ విభాగం దండగ అని నేను అనలేను, అనడం లేదు. ఈ డిగ్రీ చేసిన పిల్లలందరినీ అదొక్కచోటికే తోలడం దండగ అంటున్నాను.

ఇంతకంటే ఇబ్బందిపెట్టే ప్రశ్న వేరే ఉంది. పర్చేజ్‌లో చేరిన పిల్ల అక్కడి మనిషి అయిపోదని ఏమిటి నమ్మకం? అక్కడ అప్రైజల్ అంతా 'ఈ ఏడాది ఎంత మిగిల్చావు' అన్న ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. నాకు తెలిసిన ఒక కుర్రాడు పర్యావరణ ఇంజినీరింగ్ చదివి పర్చేజ్‌కి వెళ్ళాడు. రెండో ఏడాదికల్లా వ్యర్థాల రవాణా కాంట్రాక్టుని అందరికంటే తక్కువకి బేరమాడి శభాష్ అనిపించుకున్నాడు. ఆ ధరకి ఆ లారీలు డ్రమ్ముల్ని ఎక్కడికి తీసుకెళుతున్నాయో అడగాల్సిన చదువు చదివినవాడే. అడగలేదు. అడిగితే మిగులు తగ్గుతుంది.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సస్టెయినబిలిటీ కుర్చీలో కూర్చున్నంత మాత్రాన మనిషికి రక్షణ ఉంటుందా అంటే అదీ లేదు. జర్మనీలో డీడబ్ల్యూఎస్ అనే పెద్ద పెట్టుబడుల సంస్థలో సస్టెయినబిలిటీ అధిపతిగా డెసిరే ఫిక్స్‌లర్ చేరింది. పర్యావరణ ప్రమాణాలు చూసే పెట్టుబడి పెడుతున్నామని సంస్థ గొప్పలు ఎక్కువ చెప్పుకుంటోందని లోపల అభ్యంతరం చెప్పింది. 2021లో ఆమె ఉద్యోగం పోయింది. 2022 మేలో పోలీసులు ఆ సంస్థ మీద దాడులు చేశారు. ఆ ప్రచారం మీదే 2023లో అమెరికా నియంత్రణ సంస్థ 1.9 కోట్ల డాలర్లు, 2025లో జర్మనీ ప్రాసిక్యూటర్లు 2.5 కోట్ల యూరోలు జరిమానా వేశారు. ఆ కుర్చీలో ఉన్న మనిషికి చివరికి మిగిలే ఆయుధం గొంతెత్తడం ఒక్కటే. దానికి ఉద్యోగం పణంగా పెట్టాలి. ఆర్డర్ రాసే మనిషి గొంతెత్తకుండానే తేమ శాతం గురించి ఒక వాక్యం చేర్చొచ్చు. చాలామందికి రెండో ధైర్యమే ఉంటుంది. నాక్కూడా అంతే.

మంచి ఉద్దేశంతో పెట్టిన మేనేజ్‌మెంట్ చదువు జీతాల వెంట పోవడం మనం ఇంతకు ముందూ చూశాం. పాల సహకార సంఘాలకి మేనేజర్లు కావాలని వర్గీస్ కురియన్ 1979లో ఆణంద్‌లో ఇర్మా అనే గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ పెట్టాడు. పోను పోను ఆ క్యాంపస్‌కి బ్యాంకులూ ఎఫ్ఎంసీజీ కంపెనీలూ కూడా వచ్చాయి, పిల్లలూ వెళ్ళారు. వెళ్ళడాన్ని నేను తప్పనను. అయినా ఇర్మాలో ఒక పద్ధతి నాకు చాలా ఇష్టం. చేరిన పిల్లల్ని కొన్ని వారాలపాటు పల్లెల్లో ఉంచుతారు. పాలు పోసే మనిషిని చూడకుండా పాల వ్యాపారం నేర్పరు.

సస్టెయినబిలిటీ కోర్సుల వాళ్ళు దీన్ని ఎందుకు తీసుకోలేదో నాకు అర్థం కాదు. కొన్ని సిలబస్‌లు తిరగేశాను. ఈఎస్‌జీ రిపోర్టింగ్, క్లైమేట్ ఫైనాన్స్, కార్బన్ మార్కెట్లు, సర్క్యులర్ ఎకానమీ, అన్నీ ఉన్నాయి. కొనుగోలు గురించి ఉంటే సప్లయ్ చైన్ పేపర్లో ఒక మూల ఉంది. కాంట్రాక్టు రాయడం ఎక్కడా కనబడలేదు. సీఎఫ్ఓ కాగితం ఎలా చదవాలో, అందులో షరతుకీ కాస్ట్ షీటుకీ ఉన్న లంకె ఏమిటో చెప్పే పేపర్ లేదు. ఇంటర్న్‌షిప్ అంతా కన్సల్టింగ్ కంపెనీల్లో, ఇంకొకరి నివేదికకి బొమ్మలు గీయడం. ఆ రెండు నెలలూ ఏ ఫ్యాక్టరీ పర్చేజ్‌లోనో, మున్సిపాలిటీ టెండర్ల సెక్షన్‌లోనో కూర్చోబెడితే పిల్లలు విసుక్కుంటారు, నిజమే. ఎల్1 ఫైలు ఎలా కదులుతుందో మాత్రం చూస్తారు.

మా అక్క కూతురి విషయంలో నేను చివరికి చెప్పింది ఇది. వెళ్ళడం ఖాయమనుకుంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ వాళ్ళు మందులు ఎలా కొంటున్నారో చూడు. 2022 ఏప్రిల్ నుంచి వాళ్ళ ప్రతి టెండర్‌లోనూ నెట్ జీరోకీ (నికర ఉద్గారాల్ని సున్నాకి తేవడానికీ) సామాజిక ప్రయోజనానికీ కలిపి కనీసం 10 శాతం మార్కులున్నాయి. వాళ్ళు వాడే జనరిక్ మందుల్లో మన దేశంలో తయారైనవి చాలా ఉన్నాయి. హైదరాబాద్ బాయిలర్‌లో ఏం కాలుతుందో అడిగే హక్కు ఆ టెండర్ రాసే మనిషికి ఉంది, నాకు లేదు. అక్కడ ఆరు నెలలు నేర్చుకున్నా చాలు, ఇక్కడ ఏ మందుల కంపెనీ ఎక్స్‌పోర్ట్స్ వాళ్ళయినా పిలిచి కూర్చోబెట్టుకుంటారు, హెచ్ఆర్ ఏమనుకున్నా సరే. పైగా చదువయ్యాక అక్కడ ఉండి పనిచేసుకునే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ళ నుంచి 18 నెలలకి తగ్గుతోంది, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకి. వెతుక్కుంటూ తిరగడానికి టైము ఉండదు.

ఆమె యూనివర్సిటీకి మెయిల్ పెట్టింది, డిసర్టేషన్ కోసం ఏదైనా ఆసుపత్రి కొనుగోలు విభాగంలో పెడతారా అని. జవాబు ఇంకా రాలేదు. సీటు నిలబెట్టుకోవడానికి డిపాజిట్ కట్టాల్సిన గడువు ఈ నెలాఖరు. జవాబొచ్చేదాకా కట్టొద్దని నేనూ, కట్టేద్దామని మా బావా రోజూ ఫోన్లో వాదించుకుంటున్నాం.